మా మేడ మీద ఎగిరే 1921 నాటి చరఖా జెండా: నా అనుభవం

స్వాతంత్ర్యానికి ముందు వాడిన చరఖా జెండాను ఇంటి మీద ఎగరేయొచ్చా, ఎవరైనా అభ్యంతరం పెడతారా అని అడిగారు. విజయవాడలో మా మేడ మీద నాలుగేళ్లుగా ఎగరేస్తున్నాను కాబట్టి చెప్తున్నాను. ఎగరేయొచ్చు. కాకపోతే ఏ చరఖా జెండా అన్నది ముందు తేల్చుకోండి. ఉన్నవి రెండు, వాటి మధ్య చాలా తేడా ఉంది.

అందరికీ గుర్తొచ్చేది 1931 నాటిది. పైన కాషాయం, మధ్యలో తెలుపు, కింద ఆకుపచ్చ, తెలుపు మీద నీలం చరఖా. నేనూ మొదట అదే కుట్టించాను. పంద్రాగస్టు మర్నాడు పైకెక్కించాను. గంట తిరక్కుండా పక్కింటాయన వచ్చి "ఏవండీ, కాంగ్రెస్ పార్టీలో చేరారా?" అని అడిగారు. సాయంత్రం ఎదురింటి మాస్టారు "జాతీయ జెండా మీద బొమ్మ వేయించారేంటి, తప్పు కాదూ?" అని గట్టిగానే నిలదీశారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. జాతీయ జెండా మీద ఏదైనా రాయడం జాతీయ గౌరవ పరిరక్షణ కోసం తెచ్చిన 1971 చట్టం ప్రకారం అవమానించడమే. వీధిలోంచి చూసేవాళ్లకి చరఖా ఆనదు, మూడు రంగులే కనిపిస్తాయి. అదే రోజు దించేశాను. ఇప్పుడది హాల్లో గోడ మీద ఫ్రేములో ఉంది. అక్కడైతే మనుషులు దగ్గరికొచ్చి చూస్తారు.

మేడ మీద ఎగిరేది 1921 నాటిది. పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు. చరఖా మూడు పట్టీల మీదా పరుచుకుని పెద్దగా ఉంటుంది. దీన్ని చూసి జాతీయ జెండా అనుకునేవారు ఎవరూ ఉండరు. "ఇదేం జెండా?" అనే అడుగుతారు. నాక్కావలసింది కూడా అదే.

దీని పుట్టుక మన ఊరితో ముడిపడి ఉంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో ఆలిండియా కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు అప్పటికే జెండా గురించి ఏళ్ల తరబడి ఆలోచిస్తున్నారు. 1916లోనే ముప్ఫై నమూనాలతో పుస్తకం వేశారు. గాంధీగారు అడిగితే ఎరుపు, ఆకుపచ్చ పట్టీల మీద చరఖాతో మూడు గంటల్లో నమూనా చేసిచ్చారు. చరఖా పెట్టాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. బెజవాడ సమావేశంలోనే ఆ జెండాను ఆమోదించారని మనలో చాలామంది అనుకుంటాం. కానీ అది అందడం ఆలస్యమై కమిటీ ముందుకు రాలేదని గాంధీగారే ఆ నెలలో తన పత్రిక 'యంగ్ ఇండియా'లో రాశారు. ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లింలకి అనుకున్నాం, మరి మిగతా మతాలవాళ్ల మాటేమిటని ఆ తర్వాత ఆలోచించి తెల్ల పట్టీ చేర్పించారు. అంటే మూడో రంగు రావడానికి ఆ ఆలస్యం కూడా ఒక కారణమైంది. నాకు ఈ ముక్క ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది.

ఏ తీర్మానమూ లేకుండానే ఆ జెండా దేశమంతా పాకింది. 1923లో నాగపూర్ జెండా సత్యాగ్రహంలో వందలమంది జైలుకెళ్లింది దీన్ని పట్టుకునే. 1930లో బందరు కోనేరు సెంటర్లో జెండా ఎగరేయబోయిన తోట నరసయ్యనాయుడుగారిని పోలీసులు లాఠీలతో చావబాదారు, స్పృహ తప్పేదాకా ఆయన చేతిలో జెండా వదల్లేదు. ఆయన పట్టుకున్నదీ ఈ తరం జెండానే. మరుసటి ఏడాది రంగులకు మతాల అర్థం వద్దనుకుని కాషాయం, తెలుపు, ఆకుపచ్చ తెచ్చారు. 1947 జూలై 22న చరఖా స్థానంలో అశోక చక్రం వచ్చింది.

ఇక కుట్టించడం. ఖద్దరు భండారులో మూడు రంగుల గుడ్డ తీసుకున్నాను. ఎరుపు రంగు వదులుతుందని తెలీక ఉతక్కుండా టైలర్‌కిచ్చాను. మొదటి వానకే తడిసి కర్రకి చుట్టుకుపోయింది, విప్పేసరికి తెల్ల పట్టీ మీద గులాబీ మరకలు. మీరు ముందే ఎర్ర గుడ్డని ఉప్పు నీళ్లలో నానబెట్టి, రంగు వదలడం ఆగేదాకా జాడించండి. చరఖాను పెయింట్ వేయించొద్దు, ఎండకి పెచ్చులూడుతుంది. నల్ల గుడ్డ కత్తిరించి రెండు వైపులా అతికించి కుట్టమనండి. చక్రం ఆకులు సన్నగా ఉంటాయి కాబట్టి అంచులు మడవడానికి మా టైలర్‌కి రెండు రోజులు పట్టింది.

జాతీయ జెండా ఎగరేసే రోజున నేను దీన్ని ఎక్కించను. ఫ్లాగ్ కోడ్ ప్రకారం జాతీయ జెండాకంటే ఎత్తులో గానీ, పక్కన సమానంగా గానీ వేరే జెండా ఉండకూడదు. ఒకే కర్రకి రెండూ అసలే కట్టకూడదు. జాతీయ జెండాను 2022 నుంచి రాత్రిళ్లు కూడా ఇంటి మీద ఉంచొచ్చు గానీ, ఈ పాత జెండాను మాత్రం నేను పొద్దుగూకే ముందే దించి మడత పెడతాను. మా తాతయ్య ఖద్దరు బట్టలు దాచుకున్న ట్రంకు పెట్టెలోనే దీన్నీ పెడుతున్నాను.

మొన్న ఏప్రిల్ 1న ఎగరేస్తుంటే కింద వాటాలో వాళ్ల పాప పైకొచ్చి, ఎరుపు ఎందుకు అట్టడుగున ఉందని అడిగింది. గాంధీగారు రాసిందే చెప్పాను: బలమున్నవాళ్లు బలం లేనివాళ్లని కాపాడాలి, అందుకని తక్కువమంది ఉన్నవాళ్ల రంగు పైన, అందరికంటే ఎక్కువమంది ఉన్నవాళ్ల రంగు కింద. కాసేపు జెండా వంక చూసి, "అయితే కిందున్నవాళ్లు మిగతావాళ్లని ఎత్తుకున్నారన్నమాట" అంది. తర్వాత తాడు తనే లాగుతానని పట్టుకుంది.