ఆరు సెకన్లలో హోస్టింగ్ వాటా ఎంత?

ప్రశ్న: నేను ఫొటోగ్రాఫర్ని. వర్డ్‌ప్రెస్‌తో చేయించిన అయిదు పేజీల వెబ్‌సైటు ఉంది, షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే మెషీన్ మీద చాలా సైట్లు) పెట్టాను. ఫోన్లో హోం పేజీ పూర్తిగా రావడానికి ఆరు సెకన్లు పడుతోంది. హోస్టింగ్ వాళ్లను అడిగితే వీపీఎస్‌కు (మెషీన్‌లో మనకంటూ విడిగా కేటాయించిన వాటా) మారమన్నారు. ఇలాంటి చిన్న సైటు ఏ రకం హోస్టింగ్‌లో ఎంతసేపట్లో రావాలి? మారితే నా సైటు వేగం పెరుగుతుందా?

జవాబు: మారకండి. ఈ వారం మాత్రం అస్సలు మారకండి. లింకు పంపారు కాబట్టి మీ సైటును నేనే కొలిచి చూశాను. హోం పేజీ అడిగిన దగ్గర్నుంచి సర్వర్ మొదటి బైటు పంపేదాకా 1.3 సెకన్లు పట్టింది. దీన్నే టీటీఎఫ్‌బీ అంటారు. మిగతా నాలుగు సెకన్ల పైచిలుకు ఆ తర్వాత పోతోంది. హోస్టింగ్ మారిస్తే బాగుపడేది ప్రధానంగా మొదటి ముక్కే. రెండో ముక్క మీ పేజీ బరువు. దాన్ని మీరు ఎక్కడికి మారితే అక్కడికి మోసుకెళ్తారు. తలగడ తిప్పితే తలనొప్పి పోతుందా?

ఆ 1.3 సెకన్లలో కూడా తప్పు సర్వర్‌దేనా అని అనుమానమొచ్చి, మీ సైటులోని ఒక సీఎస్ఎస్ ఫైలును (రంగులు, అమరిక చెప్పే ఫైలు; సర్వర్ దాన్ని ఉన్నదున్నట్టు పంపేస్తుంది) కొత్త కనెక్షన్‌తో విడిగా తెప్పించాను. 0.12 సెకన్లలో మొదలైంది. అంటే దారి బాగుంది, సర్వర్ మెలకువగానే ఉంది. ఆలస్యమంతా వర్డ్‌ప్రెస్‌ను నడిపే పీహెచ్‌పీ లేచి, ప్లగిన్లన్నింటినీ పలకరించి, డేటాబేస్‌ను అడిగి, పేజీని అప్పటికప్పుడు అల్లడంలో జరుగుతోంది. నెలల తరబడి మారని పేజీని వచ్చిన ప్రతి మనిషికీ కొత్తగా అల్లడం దేనికి? పేజ్ క్యాష్ ప్లగిన్ ఒకటి పెట్టండి. ఒకసారి తయారైన పేజీని దాచిపెట్టి, తర్వాత వచ్చినవాళ్లకు అదే ఇస్తుంది. మీ సీఎస్ఎస్ ఫైలు 0.12లో వస్తుంటే, క్యాష్ అయిన పేజీ 0.3 లోపు రాకపోతే నాకు ఆశ్చర్యమే.

ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. రెండు లైన్ల హెచ్‌టీఎంఎల్ ఫైలు రాసి సర్వర్‌లో పెట్టండి. కంప్యూటర్లో క్రోమ్ తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘డిసేబుల్ క్యాష్’ టిక్ చేసి, ఆ ఫైలునూ హోం పేజీనీ చెరో పదిసార్లు తెరవండి. పొద్దున కొన్ని, రాత్రి కొన్ని. రెండూ ఆలస్యమైతే దూరమో, సర్వరో కారణం. ఆ చిన్న ఫైలు చురుగ్గా వచ్చి హోం పేజీ మాత్రమే నీలిగితే మీ వర్డ్‌ప్రెస్. ఆ చిన్న ఫైలే ఒకసారి 0.1, ఇంకోసారి 2 సెకన్లు అయితే అదే మెషీన్ మీద ఉన్న పక్క సైట్లు మీ వాటా తినేస్తున్నాయని అనుమానించాలి. హోస్టింగ్ మారడానికి నేను ఒప్పుకునే మొదటి కారణం అదే.

ఇక అంకెలు. టీటీఎఫ్‌బీ 0.8 సెకన్ల లోపు ఉంటే మంచిదని, 1.8 దాటితే బాగోలేదని గూగుల్ కొలమానం. పేజీలో పెద్ద బొమ్మో ప్రధాన పాఠమో కనపడే సమయం, అంటే ఎల్‌సీపీ, 2.5 సెకన్ల లోపు ఉండాలి. చిన్న సైటుకు ఇవి మరీ ఉదారమైన హద్దులని నా అభిప్రాయం. సందర్శకుడు సర్వర్‌కు మరీ దూరంగా లేడనుకుంటే నా సొంత లెక్క ఇది: ముందే తయారుచేసిన స్టాటిక్ ఫైళ్లుగా సీడీఎన్ మీద (చాలా ఊళ్లలో కాపీలు ఉంచే సర్వర్ల వల) పెట్టిన సైటు మొదటి బైటు 0.1 సెకను దరిదాపుల్లో రావాలి, 0.2 దాటితే ఎందుకని అడుగుతాను. షేర్డ్ హోస్టింగ్‌లో క్యాష్ ఉన్న వర్డ్‌ప్రెస్‌కు 0.2 నుంచి 0.5, క్యాష్ లేకపోతే 0.6 నుంచి 1.5. సరిగ్గా అమర్చిన వీపీఎస్‌లో 0.1 నుంచి 0.3. చూశారుగా, క్యాష్ ఉన్న షేర్డ్‌కూ వీపీఎస్‌కూ మంచిరోజున పెద్ద తేడా లేదు. వీపీఎస్‌తో వచ్చేది వేగం కన్నా నిలకడ. అయిదు పేజీలకు డెడికేటెడ్ సర్వర్ (మెషీన్ మొత్తం మీ ఒక్కరికే) గురించి మాట్లాడుకోవడం కూడా అనవసరం.

‘సరిగ్గా అమర్చిన’ అన్నమాట ఊరికే వాడలేదు. కొన్నేళ్ల కిందట ఒక మిత్రుడి సైటును షేర్డ్ నుంచి 1 జీబీ మెమరీ ఉన్న వీపీఎస్‌కు నేనే మార్చాను, పెద్ద ఉపకారం చేస్తున్నాననుకుని. పేజీలు పంపే ప్రోగ్రాం అపాచీ సెట్టింగు ముట్టుకోలేదు. అందులో ఒకేసారి 150 ప్రాసెస్‌ల దాకా అనుమతి ఉంది. ఒక్కోటి 40 ఎంబీ తింటే పాతిక మంది వచ్చేసరికి జీబీ అయిపోతుంది. అయిపోయింది కూడా. మెషీన్ స్వాప్‌లోకి (మెమరీ చాలక నిదానమైన డిస్కును వాడుకోవడం) జారి, అంతకుముందు 0.7 సెకన్లలో వచ్చే పేజీ 8 సెకన్లకు చేరింది. షేర్డ్‌లో ఈ సెట్టింగులు చూసుకోవడానికి ఎవరో ఉంటారు. వీపీఎస్‌లో ఆ ఎవరో మీరే.

దూరం సంగతి కూడా చెప్పాలి, దీన్ని చాలామంది లెక్కలో వేసుకోరు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ 10,000 కిలోమీటర్ల అవతల ఉంటే వెళ్లి రావడానికే 100 మిల్లీసెకన్లు, కేబుళ్లు తిన్నగా ఉండవు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ. కొత్త కనెక్షన్‌కు, లైను కలిపే టీసీపీ పలకరింపు ఒక రౌండు (అంటే ఒకసారి వెళ్లి రావడం), గుట్టుగా మాట్లాడుకోవడానికి టీఎల్ఎస్ 1.3 తాళాల మార్పిడి ఒక రౌండు, పేజీ అడగడం ఒక రౌండు. సర్వర్ ఆలోచించే సమయం కలపకముందే 0.3 సెకన్లు ఖర్చు. ఎంత ఖరీదైన ప్రాసెసర్ కొన్నా ఇది తగ్గదు. సర్వర్‌ను సందర్శకులకు దగ్గరగా తేవాలి, లేదా సీడీఎన్ పెట్టాలి.

ఇప్పుడు మీ నాలుగు సెకన్లు. హోం పేజీ పైన ఉన్న మొదటి ఫొటో 4.2 ఎంబీ, 6,000 పిక్సెళ్ల వెడల్పు. కెమెరా ఇచ్చింది ఇచ్చినట్టే ఎక్కించారు. సెకనుకు 10 మెగాబిట్ల కనెక్షన్ మీద అదొక్కటే 3.4 సెకన్లు. 1,600 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీగా (తక్కువ సైజులో ఇమిడే బొమ్మల ఫార్మాట్) మార్చి చూశాను: 180 కేబీ, అదే కనెక్షన్‌పై 0.15 సెకన్లు. ఫోన్ తెర మీద నా కంటికి తేడా దొరకలేదు, మీ కంటికి దొరుకుతుందేమో మీరే చూడండి. పైగా ఆ ఫొటోకే లేజీ లోడింగ్ (తెర దగ్గరికి వచ్చేదాకా బొమ్మను తెప్పించకపోవడం) పెట్టారు. కింద ఉండే బొమ్మలకు అది మంచిదే గానీ, తెరవగానే కనపడాల్సిన బొమ్మను ఆగమని చెప్పినట్టవుతుంది. దానికొక్కదానికి తీసేయండి.

ప్రశ్న: ఉచిత హోస్టింగ్‌లో నేను రాసిన చిన్న అప్లికేషన్ పెట్టాను. మొదటిసారి తెరిస్తే అర నిమిషం పడుతుంది, ఆ తర్వాత టక్కున వస్తుంది. ఎందుకు?

జవాబు: కాసేపు ఎవరూ రాకపోతే చాలా ఉచిత ప్లాన్లు అప్లికేషన్‌ను నిద్రపుచ్చుతాయి. మొదట వచ్చినవాడు దాన్ని లేపాలి. దీన్ని కోల్డ్ స్టార్ట్ అంటారు. మీ కోడ్‌లో ఎంత వెతికినా కారణం దొరకదు. నిద్రపోని ప్లాన్ తీసుకోండి, లేదా అప్లికేషన్ మొదటి పేజీని విడదీసి స్టాటిక్‌గా పెట్టండి. అది తెరుచుకోగానే అప్లికేషన్‌కు ఒక పిలుపు పంపేలా రాస్తే, వచ్చినవాళ్లు దాన్ని చదువుతుండగా అప్లికేషన్ వెనకాల లేస్తుంది.