క్లస్టర్‌లో లాగిన్ కాలేకపోతే క్లౌడ్ ఉద్యోగానికి పనికిరానట్టేనా?

ప్రశ్న: నిరుడు కాకినాడలో బీటెక్ సీఎస్ఈ పూర్తిచేశాను. క్లౌడ్ వైపు వెళ్దామని ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్) మూడు ఉబుంటు లినక్స్ సర్వర్లతో చిన్న క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) పెట్టుకున్నాను. మొదటి సర్వర్‌లోని హోమ్ ఫోల్డర్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫోల్డర్ పంచుకునే పద్ధతి) ద్వారా మిగతా రెండింటికీ ఇచ్చాను. నేను క్రియేట్ చేసుకున్న యూజర్‌తో రెండో సర్వర్‌లోకి వెళ్లగలుగుతున్నా, మూడోది మాత్రం ‘పర్మిషన్ డినైడ్, పబ్లిక్ కీ’ అంటోంది. ‘ఉబుంటు’ యూజర్‌తో అయితే మూడింటిలోకీ వెళ్తున్నా. పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కు వాడే కీని నాలుగుసార్లు మార్చాను. వారం రోజులుగా ఇదే టెన్షన్. ఈ మాత్రం రాని నాకు ఉద్యోగం ఎవరిస్తారు? నాన్న అప్పు చేసైనా డెవ్‌ఆప్స్ (సాఫ్ట్‌వేర్ తయారీ, సర్వర్ల నిర్వహణ కలిపి చూసే పని) కోర్సు ఫీజు కడతానంటున్నారు. చేరమంటారా?

జవాబు: ‘ఉబుంటు యూజర్‌తో అయితే వెళ్తున్నా’ అని రాశారు చూడండి, సగం సమస్య అక్కడే తేలిపోయింది. అంటే నెట్‌వర్క్ బాగుంది, సెక్యూరిటీ గ్రూప్‌లో (ఏడబ్ల్యూఎస్ ఫైర్‌వాల్) 22వ పోర్టు తెరిచే ఉంది, దూరం నుంచి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ నడుస్తోంది. తేడా ఉన్నది మీరు చేసిన యూజర్‌లోనే. కీ జోలికి ఇక వెళ్లకండి.

మూడు సర్వర్లలోనూ ‘ఐడీ’ కమాండ్ పక్కన మీ యూజర్ పేరు ఇచ్చి చూడండి. మొదటి రెండింటిలో 1001, మూడోదాంట్లో 1002 వస్తుందని నా అనుమానం. ఉబుంటు సర్వర్లలో డిఫాల్ట్ యూజర్‌కు 1000 నంబరు ఉంటుంది. తర్వాత చేసినవాళ్లకు వరసగా 1001, 1002 పడతాయి. మూడో సర్వర్‌లో ముందెప్పుడో టెస్టింగ్ కోసం ఇంకో యూజర్‌ను చేసి ఉంటే 1001 ఆ యూజర్‌కి పోయింది. ఫైలు ఎవరిదో లినక్స్ పేరుతో గుర్తుపెట్టుకోదు, నంబరుతోనే గుర్తుపెట్టుకుంటుంది. పరీక్ష హాల్లో మీ సీటు హాల్ టికెట్ నంబరును బట్టే కదా! మీ హోమ్ ఫోల్డర్ 1001ది. మూడో సర్వర్‌లో మీరు 1002. కీలు దాచిన ఫోల్డర్ వేరే నంబరుది కావడంతో ఎస్‌ఎస్‌హెచ్ మీ కీని సరిచూసేదాకా కూడా రాదు. కీ ఎన్నిసార్లు మార్చినా ఫలితం లేనిది అందుకే.

ఆ టెస్ట్ యూజర్ అక్కర్లేకపోతే తీసేసి, ‘యూజర్‌మాడ్’ కమాండ్‌తో మీ యూజర్‌కు 1001 ఇవ్వండి. ఆ తర్వాత అన్నీ కొట్టేసి, క్లస్టర్‌ను మొదటి నుంచి మళ్లీ పెట్టండి. ఈసారి యూజర్‌ను చేత్తో చేయొద్దు, సర్వర్ లాంచ్ చేసేటప్పుడే యూజర్ డేటా అనే గడిలో క్లౌడ్ ఇనిట్ (సర్వర్ తొలి అమరికలు చేసే ప్రోగ్రామ్) ఫైలుగా ఇవ్వండి, యూఐడీ, అంటే ఆ 1001 లాంటి యూజర్ నంబరు కూడా అందులోనే రాయండి. అక్కడ మీ సొంత యూజర్ల జాబితా రాస్తూ ‘డిఫాల్ట్’ అనే వరస వదిలేస్తే ‘ఉబుంటు’ యూజర్ అసలు తయారే కాదు. అప్పుడు మీ యూజర్‌లో తప్పుంటే ఏ దారీ లేకుండా బయట నిలబడతారు. ఆ ఫైల్లో ట్యాబ్ వాడకూడదు, స్పేస్‌లే వాడాలి.

ఇంకొక సంగతి నేను రెండు రాత్రులు నిద్ర మానుకుని నేర్చుకున్నాను. సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేసే రోజుల్లో యూజర్ డేటాలో తప్పు దిద్ది సర్వర్‌ను రీస్టార్ట్ చేయడం, ఏమీ మారకపోవడం, మళ్లీ దిద్దడం. మామూలుగా యూజర్లను తయారుచేసే ఆ భాగం సర్వర్ మొట్టమొదటిసారి బూట్ అయినప్పుడు ఒక్కసారే నడుస్తుందని నాకు తెలియదు. దిద్దాక కొత్త సర్వర్‌నే లాంచ్ చేయాలి. ఏం జరిగిందో ‘వార్’ కింద ‘లాగ్’ ఫోల్డర్‌లో క్లౌడ్ ఇనిట్ అవుట్‌పుట్ ఫైలు చెబుతుంది. ముందు అది చదవండి, ఆ తర్వాతే గూగుల్.

ఇక ఉద్యోగం మాట. వారం రోజులు ఒకే ఎర్రర్‌ను వదలకుండా పట్టుకున్నారంటే మీరు పనికిరానివారు కాదు. క్లౌడ్ సపోర్ట్, లినక్స్ అడ్మిన్ పనుల్లో రోజూ ఎదురయ్యేవి ఇవే: ఎవరు లాగిన్ అవుతున్నారు, ఏ మెషీన్‌లోకి, ఏ హక్కుతో. ఈకేఎస్ (ఏడబ్ల్యూఎస్ వారి కుబెర్నెటీస్ సేవ) క్లస్టర్‌లో కూడా చూడండి, క్లస్టర్‌ను తయారుచేసిన ఐఏఎం గుర్తింపుకు (ఏడబ్ల్యూఎస్‌లో ఎవరికి ఏ హక్కో చూసే వ్యవస్థలోని ఖాతా) మామూలుగా అడ్మిన్ హక్కు దానంతటదే వస్తుంది, పక్క టీమ్ మెంబర్‌కు మాత్రం ‘అన్‌ఆథరైజ్డ్’ అని వస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లోని ‘పరమ్ సేవ’ లాంటి సూపర్ కంప్యూటర్ కూడా లినక్స్ క్లస్టరే. అక్కడ కూడా యూజర్లు, నంబర్లు, పర్మిషన్లే.

మీరు ఇప్పుడు చేయాల్సిన పని ఈ వారం అనుభవాన్ని ఒక పేజీలో రాసుకోవడం. ఏం కనిపించింది, ఏం అనుకున్నారు, ఏది తప్పని తేలింది, చివరికి కారణం ఏమిటి. ఇంటర్వ్యూలో ‘మీరు పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి’ అన్నప్పుడు ఈ పేజీయే మీ జవాబు. గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు ప్రైవేట్ కీ, యాక్సెస్ కీ అందులో పడకుండా రెండుసార్లు చూసుకోండి.

కోర్సు విషయంలో నాన్నగారిని అప్పు చేయనివ్వకండి, కనీసం ఇప్పుడే వద్దు. ముందు లినక్స్ గట్టిచేసుకోండి. సర్టిఫికెట్ కావాలనుకుంటే రెడ్ హ్యాట్ వారి లినక్స్ అడ్మిన్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్ఏ మీకు సరిపోతుంది. అందులో ఆప్షన్లు టిక్ పెట్టడం ఉండదు, మెషీన్ మీద పని చేసి చూపించాలి. మూడు నెలల తర్వాత కూడా కోర్సు అవసరమనిపిస్తే అమీర్‌పేటకు వెళ్లి ఒక డెమో క్లాసులో కూర్చోండి. ఫీజు కట్టే ముందు ల్యాబ్‌లో మీ చేత చేయిస్తారా, వాళ్లు చేసి చూపిస్తారా అని అడగండి. అన్నట్టు, ఇది చదువుతున్నప్పుడు ఆ మూడు సర్వర్లూ నడుస్తూ ఉంటే బిల్లు పెరుగుతోంది. ముందు ఆపి రండి.