పొట్లం మీది తేదీ, ముక్కు చెప్పే సాక్ష్యం

రాజమహేంద్రవరం

చిరంజీవి శ్రావణికి మీ పెద్దమ్మ ఆశీస్సులతో రాయునది.

ఫ్రిజ్ సర్దినప్పుడల్లా తేదీ దాటిన పొట్లాలన్నీ చెత్తబుట్టలో వేస్తున్నానని, అది జాగ్రత్తో దుబారాయో తేల్చి చెప్పమని నీవు అడిగావు. కొంత అదీ, కొంత ఇదీ. పొట్లం మీది తేదీ అనేది విప్పని పొట్లానికి, కంపెనీ చెప్పిన విధంగా నిల్వ ఉంచిన సరుకుకు మాత్రమే వర్తించే లెక్క. ఆ పొట్లం దుకాణం ముందు ఎంతసేపు ఎండలో పడి ఉందో, మే నెలలో మీ వీధిలో కరెంటు ఎన్ని గంటలు పోయిందో, తడి చెంచా అందులో ఎన్నిసార్లు ముంచారో ఆ తేదీ వేసినవారికి తెలియదు. అవన్నీ కంటికి, చేతికి, ముక్కుకు తెలుస్తాయి. అయితే ప్రతి పదార్థమూ చెడిన సంగతి బయటపెట్టదు కనుక, ఏది బయటపెడుతుందో ఏది బయటపెట్టదో ముందుగా తెలుసుకోవాలి.

మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో చేసిన లేబులింగ్ నిబంధనల ప్రకారం తయారీ లేదా ప్యాకింగ్ తేదీ, దానితోపాటు ‘ఎక్స్‌పైరీ’ లేదా ‘యూజ్ బై’ తేదీ తప్పనిసరి. ‘బెస్ట్ బిఫోర్’ వేయడం వేయకపోవడం కంపెనీ ఇష్టం. ‘ఎక్స్‌పైరీ’ లేదా ‘యూజ్ బై’ దాటితే తినకూడదని అర్థం. ‘బెస్ట్ బిఫోర్’ దాటితే రుచి, వాసన, కరకర తగ్గవచ్చునని మాత్రమే. పాలు, పనీర్, మాంసం, పసిపిల్లల ఆహారం వంటివాటి ‘యూజ్ బై’ తేదీతో వాదించవద్దు. లిస్టీరియా వంటి క్రిములు ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతాయి, వాసనలో ఏ మార్పూ తేవు. ‘బెస్ట్ బిఫోర్’ దాటిన టీ పొడి, బిస్కట్లు, మసాలా పొడులను మాత్రం విప్పి చూడకుండా పారవేయడం దుబారాయే.

పాల విషయంలో నా పద్ధతి ఒకటి చెబుతాను. తేదీ దగ్గర పడుతున్న పాకెట్టును వదిలేయకుండా ఆ రోజే కాచి తోడు పెట్టు. పాలు పనికిరాకుండా పోయే రోజు వచ్చేసరికి అవి పెరుగై ఉంటాయి, పెరుగు మంచిచెడ్డలు నాలుకకు తెలుస్తాయి. పులిసినంత మాత్రాన పెరుగు చెడినట్టు కాదు. అది మజ్జిగ పులుసుకు, మజ్జిగ మిరపకాయలకు శ్రేష్ఠం. దాని మీద గులాబీ రంగు గానీ, నారింజ రంగు గానీ, నూగులాంటి బూజు గానీ కనిపించినా, చేదెక్కినా, కుళ్ళు వాసన వచ్చినా గిన్నె మొత్తం పారబోయి. దోసె పిండికీ ఇదే వర్తిస్తుంది: పులుపు ముదిరితే ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పుల్లట్లు పోసుకోవచ్చు గానీ, రంగు మారితే పోసుకోకూడదు. తేదీ ఇంకా ఉన్నా కాచగానే విరిగి కంపు కొట్టే పాలను కూడా నీవు చూస్తావు. అప్పుడు తేదీ మాట నమ్మకు, ముక్కు మాట నమ్ము.

వండిన పప్పు, సాంబారు పాసిపోతే గరిటెతో ఎత్తగానే జిగటగా తీగ సాగుతుంది, లేదా పొయ్యి మీద పెట్టకుండానే పైన నురగ కడుతుంది. బియ్యప్పిండి, శనగపిండి చెడితే ముక్కిన వాసన వేస్తాయి, చిటికెడు నోట్లో వేసుకుంటే చేదుగా ఉంటాయి. వేయించిన జంతికలు, చెక్కలు పాతబడితే నూనె కనరు వాసన వస్తుంది. వాటిని మళ్లీ వేడి చేసినా బాగుపడవు. ముక్కుపురుగు పట్టిన బియ్యాన్ని మాత్రం పారవేయనక్కరలేదు. జల్లించి, నీడలో ఆరబోసి, తడిలేని డబ్బాలోకి మార్చు. మండుటెండలో పోస్తే గింజ పగిలి నూకలవుతుంది. అసలు పాత బియ్యమే కావాలని ఎక్కువ ధర పెట్టి కొనే మనం బియ్యం సంచి మీది తేదీకి అంత భయపడటం నాకు వింతగానే ఉంటుంది.

గుడ్డును నీళ్లలో వేసి చూడు. పాతబడే కొద్దీ లోపలి గాలి అర పెద్దదవుతుంది కనుక అది తేలుతుంది. తేలింది అంటే పాతదని అర్థమే తప్ప కుళ్ళిందని కాదు. విడిగా గిన్నెలో పగలగొట్టి వాసన చూస్తే సంగతి తేలిపోతుంది. చేపకు మొప్పలు ఎర్రగా, కళ్ళు ఉబ్బెత్తుగా ఉండాలి, వేలితో నొక్కిన చోట కండ మళ్లీ పైకి లేవాలి.

ఇక ముక్కుకు అందనివాటి మాట. వీటిలో నేను ముందుగా చెప్పేది అన్నం. బ్యాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉడికినా చావవు. గది వేడిలో వదిలేసిన అన్నంలో అవి పెరిగి విషాన్ని పుట్టిస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. మెతుకు చక్కగానే ఉంటుంది, వాసనా రాదు. వండిన గంట రెండు గంటల్లో మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టు, మరునాటికి ముగించు. మన పెద్దలు తిన్న చద్దన్నం మజ్జిగ పోసి పులియబెట్టినది. ఆ పులుపు కొంత కాపు కాస్తుంది. గట్టు మీద మరచిపోయిన పొడి అన్నానికి ఆ కాపు లేదు.

రెండవది వేరుశనగ. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోతే, వాటి దాణాలో కలిపిన వేరుశనగ పిండిలోని బూజు విషమే కారణమని తేలింది. అదే అఫ్లాటాక్సిన్. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ దీని మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధన చేస్తోంది. మామూలు వంట వేడికి ఇది పోదు. ముడుచుకున్న, నల్లబడిన, బూజు పట్టిన గింజలను వేయించకముందే ఏరివేయి. చేదు గింజ నోట్లో పడితే ఉమ్మెయ్యి. ఉబ్బిన డబ్బా ఆహారాన్ని తెరిచి కూడా చూడకు. బ్రెడ్ మీద బూజు ఒక మూలే కనిపించినా కంటికి కనిపించని పోగులు లోపలికి పాకి ఉంటాయి కనుక ఆ ముక్క కోసి మిగతాది తినడం కుదరదు.

ఏది పరీక్షించినా ముందు చూడు, తరువాత తాకు, తరువాత వాసన చూడు. అనుమానం లేనప్పుడే నాలుక కొన మీద పెట్టు. మాంసం, చేపలు, బూజు పట్టినవి మాత్రం ఎప్పుడూ రుచి చూడవద్దు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక మన దేశపు ఇళ్లలో ఒక్కో మనిషికి ఏటా సుమారు 55 కిలోల ఆహారం వృథా అవుతోందని అంచనా వేసింది. ఆ లెక్కలో తొక్కలు, ఎముకలు కూడా ఉన్నాయి కనుక తప్పంతా మనదే అనను గానీ, మీ ఇంటి వాటా నీ చేతిలోనే ఉంది.

మీ అత్తగారికి షుగరు ఉందని రాశావు. పైన చెప్పిన పరీక్షలు ఆవిడ కంచం విషయంలో చేయకు. ఆవిడకు ఏ పూటకాపూట వండి పెట్టు.

ఇట్లు,
మీ పెద్దమ్మ