సింహాచలం చూడాలంటే చందనోత్సవం రోజే వెళ్ళాలా?

ఉద్యోగం మీద కొత్తగా విశాఖ వచ్చామని, నిజరూప దర్శనం నాడు తప్ప సింహాచలం వెళ్ళి ప్రయోజనం లేదని ఎవరో చెప్పారని రాశారు. అది నిజం కాదండి. నేను పుట్టి పెరిగింది గోపాలపట్నంలోనే, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

చందనోత్సవమంటే, వైశాఖ శుద్ధ తదియ నాడు సింహాచలం వరాహ లక్ష్మీ నరసింహ స్వామి (మేం అప్పన్న అంటాం) మీది చందనం ఒలిచి, వరాహ ముఖంతో ఉన్న అసలు రూపాన్ని ఆ ఒక్కరోజే చూపిస్తారు. మొదటి దర్శనం అనువంశిక ధర్మకర్తలైన పూసపాటి వారిది. ఆ రాత్రే మళ్ళీ మూడు మణుగుల చందనం పూస్తారు. తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మూడేసి మణుగులు. అంటే మిగతా ఏడాదంతా మాకు తెలిసిన అప్పన్న చందనపు ముద్దలా, లింగాకారంలో ఉండే స్వామే. మా ఇళ్ళల్లో మొక్కుకునేది ఆ రూపానికే. పైగా తదియ అంటే మండుటెండలు, గంటల తరబడి క్యూ. పెద్దవాళ్ళనీ పసిపిల్లలనీ ఆ రోజు దయచేసి తీసుకెళ్ళకండి.

మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి. కప్పస్తంభం దగ్గర కాసేపు ఆగండి. పిల్లలు లేని దంపతులు, అప్పుల్లో ఉన్నవాళ్ళు ఆ స్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకుని, చెంప ఆనించి, కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుంటూ ఉంటారు. గోడల మీది శాసనాలు కూడా చూడండి. 11వ శతాబ్దం చివర్లో, చోళుల కాలం నుంచి ఉన్నాయి. ఇప్పుడున్న గుడిలో చాలా భాగం 13వ శతాబ్దంలో తూర్పు గంగుల హయాంలో కట్టింది. శ్రీకృష్ణదేవరాయలు కూడా ఇక్కడికి వచ్చి కానుకలు ఇచ్చాడు.

కానీ అప్పన్న ఈ ఊరికి ఏమవుతాడో తెలియాలంటే మాత్రం ఆషాఢ పౌర్ణమి ముందు రోజు జరిగే గిరి ప్రదక్షిణకు రండి. కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు. కొండ కింద మెట్ల మొదట్లో ఉండే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అక్కడ చిప్పలు గుట్టలుగా పడి ఉంటాయి, నీళ్ళకి నేలంతా జారుతుంది, అడుగు చూసి వెయ్యండి. అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ జంక్షన్ మీదుగా మళ్ళీ కొండకే. దారిలో అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగి తడిబట్టలతోనే నడిచేవాళ్ళు బోలెడుమంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన ముసలమ్మలు చెప్పులు లేకుండా "అప్పన్నా, సింహాద్రి అప్పన్నా" అంటూ మనల్ని దాటుకుని వెళ్ళిపోతుంటే నాకు ప్రతిసారీ కళ్ళు చెమరుస్తాయి. దారి పొడవునా కాలనీల వాళ్ళు పులిహోర, మజ్జిగ పంచుతారు. మా అమ్మ మోకాళ్ళ నొప్పులతో నడవలేక, ఇంటి ముందు బిందెతో మంచినీళ్ళు పెట్టుకుని రాత్రంతా పోస్తూ కూర్చుంటుంది. ఆవిడ ప్రదక్షిణ అదే అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

బరువు బ్యాగులేమీ వద్దు. వాన పడొచ్చు కాబట్టి ఫోన్‌కి ఒక ప్లాస్టిక్ కవరు చాలు. తిండికి, నీళ్ళకి టెన్షన్ పడకండి. అంత దూరం నడవలేకపోతే కొండపైన గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళూ ఉంటారు, వాళ్ళతో కలవండి.