మీ ప్రశ్నలు: బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. సంక్రాంతికి పిల్లలంతా వస్తారు, పొద్దున్నే కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదని ముందుగానే బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టించాం. ఊళ్లో ప్లంబరే బిగించాడు. ఈమధ్య మా అత్తగారు స్నానం చేసి రాగానే తల దిమ్ముగా ఉందంటున్నారు, మొన్న వాంతి కూడా అయ్యింది. బీపీ చూపిస్తే బాగానే ఉంది. మా ఆయన "పెద్దావిడ కదా, వేడి నీళ్లు పడలేదేమో" అంటున్నారు. గ్యాస్ వాసన అయితే రావట్లేదు. కానీ నాకు గీజర్ మీదే అనుమానం.
- ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: అమ్మా, మిగతాది తర్వాత చదువుదురుగాని, ముందు వెళ్లి ఆ గీజర్ గ్యాస్ కట్టేసి రండి. మీ అనుమానానికి గట్టి కారణమే ఉంది.

వాసన రావట్లేదని ధైర్యం తెచ్చుకోవద్దు. వంటగదిలో మన ముక్కుకి తగిలే ఆ కంపు అసలు గ్యాస్‌ది కాదు, లీకైతే తెలియాలని కలిపే మెర్కాప్టన్‌ది, గ్యాస్ మండితే దాంతోపాటే అదీ కాలిపోతుంది. తలుపులు బిగించిన చిన్న గదిలో మంట వెలుగుతుంటే లోపల ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, గ్యాస్ సరిగ్గా కాలదు, అప్పుడు పుడుతుంది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ లేదు, వాసనా లేదు, కళ్లు కూడా మండవు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టేసుకుంటుంది. తలనొప్పి, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం... ముదిరితే లోపలి గడియ తీసుకునే ఓపిక కూడా ఉండదు. ముందుగా బయటపడి కాసేపు గాలికి కూర్చుంటే తేలికపడతారు కాబట్టి ఇంట్లోవాళ్లు బీపీ అనో, పైత్యం అనో సరిపెట్టుకుంటారు.

అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి "మా బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉందండీ" అని మీరే నోరు తెరిచి చెప్పండి, చెప్పకపోతే ఆయనకి తట్టకపోవచ్చు. వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో 98 కనబడింది కదా అని వదిలేయొద్దు. ఆ మామూలు మీటరు ఆక్సిజన్‌నీ ఈ గ్యాస్‌నీ వేరుచేసి చూపలేదు, దీనికి కార్బాక్సీ హిమోగ్లోబిన్ అని వేరే రక్తపరీక్ష ఉంది.

ఇక గీజర్ సంగతి. దాన్ని బాత్రూమ్‌లోంచి తీయించి బయట గోడకి, గాలి ఆడే చోట, వాన పడకుండా చూరు కింద పెట్టించండి, లోపలికి వేడి నీళ్ల పైపు మాత్రం రావాలి. గీజర్‌తో పాటు సిలిండరూ బయటే ఉండాలి. కిటికీ తీసుకుని వాడుకుంటాంలే అంటారేమో, పుష్యమాసం చలిలో తెల్లారగట్ట కిటికీ తీసుకుని స్నానం చేసేవాళ్లని నేనైతే చూడలేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందన్నా నమ్మకం లేదు. గాలి లోపలికొచ్చే దారి లేకుండా ఫ్యాన్ ఒక్కటే తిరిగితే, పొగగొట్టం ఉన్న గీజర్‌లో బయటికి పోవాల్సిన పొగని వెనక్కి లాగుతుంది. మన పెద్దవాళ్లు కొబ్బరి డొక్కలు, మట్టలు పెట్టి నీళ్ల కాగు దొడ్లోనే కాచేవారు. పొగకి కళ్లు మండి ఎవరూ ఇంట్లో పెట్టుకునేవారు కాదు, ఈ గీజర్‌కి ఆ పొగే కనబడదు.

మంట నీలంగా ఉందా, పసుపు తిరిగిందా అని అప్పుడప్పుడు చూస్తుండండి. పసుపు తిరిగితే, చుట్టూ మసి కడితే సర్వీసు మనిషిని పిలవాలి. అయితే నీలంగా ఉందని మళ్లీ లోపల పెట్టించకండి!

ప్రశ్న: మాకు లైన్ గ్యాస్ వస్తుందంటున్నారు. 2014లో నగరం గ్రామంలో పైప్‌లైన్ పేలాక ఆ మాటంటేనే టెన్షన్. సిలిండరే నయం కాదా?
- రాజోలు పాఠకుడు

జవాబు: టెన్షన్ సహజమేనండీ. కానీ అది పెద్ద పీడనంతో నడిచే రవాణా లైను. ఇంటి పొయ్యికి వచ్చేసరికి ఒత్తిడి 21 మిల్లీబార్లే ఉంటుంది, వాతావరణ పీడనంలో దాదాపు యాభైయో వంతు. లైన్ గ్యాస్ గాలి కన్నా తేలిక, లీకైతే పైకి పోతుంది, కాబట్టి పైన వెంటిలేటర్ ఉండాలి. సిలిండర్ గ్యాస్ బరువు, నేలమట్టాన పరుచుకుంటుంది, అరుగు కింద తలుపులు పెట్టి సిలిండర్‌ని బీరువాలో దాచినట్టు దాస్తే అక్కడే నిలిచిపోతుంది. ఆ తలుపులకి అడుగున జాలీ పెట్టించండి. ఏ గ్యాస్ అయినా వాసన వస్తే స్విచ్ వేయొద్దు, ఉన్నది తీయొద్దు, వాల్వ్ కట్టేసి తలుపులు తీసి బయటికొచ్చి ఫోన్ చేయండి. సిలిండర్ లీకులకి 1906. ఇంకో మాట, లైన్‌కి మారేటప్పుడు పాత పొయ్యికి జెట్లు మార్పించాలి, లేకపోతే మంట సరిగా రాదు.

ప్రశ్న: మాది లంక ఊరు. గోదావరి వచ్చినప్పుడు సిలిండర్ ఏం చేయాలి?
- పి.గన్నవరం నుంచి

జవాబు: ఖాళీదే కాదు, నిండు సిలిండర్ కూడా నీళ్లలో తేలుతుంది. మొత్తం బరువు 30 కిలోల చిల్లర, కానీ అది తోసే నీళ్లు అంతకంటే ఎక్కువ. రెగ్యులేటర్ ఊడదీసి, మూతి మీద సేఫ్టీ క్యాప్ బిగించి, మేడ మీదికో ఎత్తైన అరుగు మీదికో చేర్చి నిలువుగానే తాడుతో కట్టేయండి. ఆ క్యాప్ ఎక్కడ పడేశారో వరద రాకముందే వెతుక్కోండి, అవసరానికి అదే కనబడదు. నీళ్లు తీశాక ఒండ్రు పట్టిన రెగ్యులేటర్‌ని, గొట్టాన్ని కడిగేసి వాడొద్దు. ఏజెన్సీ మనిషికి చూపించి మార్పించుకోండి. పొయ్యి బర్నర్లు మాత్రం శుభ్రంగా కడిగి ఎండబెట్టుకోవచ్చు.