సందేహాలు – సమాధానాలు: 'రాయల్టీ పన్ను' అనవచ్చా?

సందేహం: గనుల వార్తల్లో ఒకచోట 'రాయల్టీ పన్ను' అనీ, ఇంకోచోట 'సీనరేజి' అనీ రాస్తున్నారు. రెండూ ఒకటేనా? వీటికి తెలుగు మాట లేదా? – ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: 'రాయల్టీ' సరే, పక్కన 'పన్ను' తగిలించడం తప్పు. 'గేటు తలుపు' లాంటి పునరుక్తి అయితే నవ్వి ఊరుకోవచ్చు. ఇక్కడ అర్థమే మారిపోతుంది. పన్ను సర్కారు తన అధికారంతో వసూలు చేసేది. రాయల్టీ, గనిని లీజుకిచ్చినవారికి తవ్వుకున్నవారు తవ్వినదాన్ని బట్టి ముట్టజెప్పే ప్రతిఫలం.

ఈ తేడా మీదే రాష్ట్రాలకూ కేంద్రానికీ మధ్య 35 ఏళ్లు తగవు నడిచింది. 1957 గనుల చట్టం కింద ప్రధాన ఖనిజాలకు రాయల్టీ రేటు కేంద్రం నిర్ణయిస్తుంది. సొమ్ము రాష్ట్రానికి చేరుతుంది. తమిళనాడు ఆ రాయల్టీ మీద సెస్సు వేస్తే, 1989లో ఇండియా సిమెంట్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురి ధర్మాసనం రాయల్టీ కూడా పన్నేననీ, దానిపై సెస్సు వేసే అధికారం రాష్ట్రానికి లేదనీ చెప్పి సెస్సును కొట్టేసింది. 2004లో అయిదుగురి ధర్మాసనం ఆ తీర్పులోని 'రాయల్టీ పన్ను' అన్న వాక్యం అచ్చుతప్పనీ, 'రాయల్టీపై సెస్సు పన్ను' అని ఉండాల్సిందనీ చెప్పింది! ప్రూఫులు దిద్దేవారికి ఇంతకన్నా గుండె దడ పుట్టించే కథ నాకు తెలియదు. చివరికి 2024 జూలై 25న తొమ్మిదిమంది ధర్మాసనం, జస్టిస్ నాగరత్న ఒక్కరు విభేదించగా, రాయల్టీ పన్ను కాదనీ, ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందనీ తేల్చింది.

సీనరేజి కూడా రాయల్టీ కోవదే. గ్రానైటు, ఇసుక, కంకర వంటి చిన్నతరహా ఖనిజాలకు రాష్ట్రమే నియమాలు పెట్టి వసూలు చేస్తుంది. మీ చీమకుర్తి క్వారీల్లో వినబడేది ఇదే. రాయల్టీ మాటలో రాజున్నాడు, సీనరేజిలో ఫ్రెంచి దొర ఉన్నాడు. మనవాళ్లూ ఒకప్పుడు సర్కారును 'దొరతనంవారు' అనేవారుగా!

ఇక తెలుగు మాట. దానశాసనాల్లో 'నిధి నిక్షేప జల పాషాణ' అంటూ సాగే అష్టభోగాలు, అంటే భూమిపై ఎనిమిది రకాల అనుభవ హక్కులు, కనిపిస్తాయి. నేల ఇస్తున్నామంటే సరిపోదు, అందులోని రాయినీ నీటినీ పేరుపెట్టి ఇవ్వాలన్నమాట. భూమి సొంతదారుకు పంటలో దక్కే భాగాన్ని 'స్వామిభోగం' అనేవారు. రాయల్టీకి ఇంత దగ్గరి మాట మరొకటి తోచదు. కానీ ఇవాళ 'గనుల స్వామిభోగం పెంపు' అని శీర్షిక పెడితే ఏ గుడి నైవేద్యమో అనుకుంటారు. రాయల్టీ అనే రాయండి.