హోటల్ ఫోటోగ్రాఫర్‌ని ఎంచుకోవాలంటే ముందు బాత్రూమ్ ఫోటోలు అడగండి

ఒక ఫోటోగ్రాఫర్ పని ఇన్‌స్టాలో నచ్చింది, మా హోటల్ గదులకీ రెస్టారెంట్‌కీ అతన్నే పెట్టుకోవచ్చా అని ఒకరు అడిగారు. ఇన్‌స్టాలో ఉండేవి ఏరి పెట్టినవే. ఏదో ఒక్క హోటల్‌కి అప్పగించిన ఫోటోలన్నీ చూపించమనండి, బాత్రూమ్‌తో మొదలుపెట్టండి.

చేతకానితనం దాక్కోలేని చోటు అది. ఇరుకు, ఎదురుగా అద్దం, తళతళలాడే కుళాయిలు. అద్దంలో ట్రైపాడ్ కాలు కనిపిస్తోందా? టైల్స్ గీతలు నిటారుగా ఉన్నాయా, వాలాయా? కెమెరాని పైకో కిందికో వంచితే వాలతాయి. నడుము ఎత్తులో లెవెల్‌గా పెట్టినవాడికి ఆ బాధ ఉండదు. తెల్ల గోడ ఒకపక్క పసుపు, కిటికీ పక్క నీలం అయిందంటే వెలుగులు కలిసిపోయాయన్నమాట. వెలుగు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు: పసుపు బల్బుది సుమారు 3000, పగటి వెలుగు 5500 దగ్గర. ఒకే వైట్ బ్యాలెన్స్‌తో (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే కెమెరా సెట్టింగ్) రెండూ కుదరవు. పని తెలిసినవాళ్లు లైట్లు ఆర్పి ఒకటి, వెలిగించి ఒకటి తీసి కలుపుతారు.

ఇక పడకగదిలో కిటికీ బయటంతా తెల్లగా మాడిపోతే ఒకే ఎక్స్‌పోజర్‌తో (ఒకే వెలుగు కొలతతో తీసిన షాట్‌తో) సరిపెట్టాడని అర్థం. నీడలే లేకుండా బూడిదరంగు తేలితే నాలుగైదు ఎక్స్‌పోజర్లు సాఫ్ట్‌వేర్‌కి పడేసి చేతులు దులుపుకున్నాడని అర్థం.

ఈ వైడ్ లెన్స్ పిచ్చి ఎప్పుడు వదులుతుందో! ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 16 ఎంఎం లెన్స్ కంటే వెడల్పుకి, అంటే ఇంకా చిన్న అంకెకి వెళ్తే ఫ్రేమ్ అంచున ఉన్న కుర్చీ సోఫాలా సాగుతుంది, చిన్న గది హాలైపోతుంది. తలుపు తీసిన అతిథి రివ్యూలో రాసేది దీని గురించే. చాలా గదులకి 24 ఎంఎం చాలు.

వంటకాలది వేరే విద్య. గదులు బాగా తీసేవాళ్లలో చాలామందికి ప్లేటు తీయడం రాదు, ఇద్దరిని పెట్టుకోవడమే మేలు. సీలింగ్ లైట్లు ఆర్పి, వెలుగు పక్కనుంచో వెనకనుంచో రానివ్వాలి. ముందు డమ్మీ ప్లేటుతో లైటు, యాంగిల్, ఫోకస్ కుదుర్చుకుంటే అసలుది వచ్చిన నిమిషాల్లో తీసెయ్యొచ్చు. ఆలస్యమైతే ఆకులు వాడతాయి, సాస్ మీద పొర కడుతుంది. రోజుకి 40 ఐటమ్స్ లాగించేస్తానన్నవాణ్ని అటునుంచి అటే పంపెయ్యండి.

అడ్వాన్స్ ఇచ్చేలోపు ఒక గది, ఒక ప్లేటు డబ్బులిచ్చి టెస్ట్‌గా తీయించుకోండి. ఎన్ని ఫైనల్ ఫోటోలు, బుకింగ్ సైట్లలోనూ ప్రకటనల్లోనూ ఎన్నాళ్లు వాడుకోవచ్చు, కాపీరైట్ ఎవరిది, అన్నీ కాగితం మీద ఉండాలి. ఫోన్ కోసం 9:16 నిలువు షాట్లు విడిగా తీయించండి, అడ్డం ఫోటోని కోస్తే సగం మంచమే మిగులుతుంది. షూట్ రోజు హౌస్‌కీపింగ్ మనిషొకరు ఇస్త్రీ స్టీమర్‌తో పక్కనే ఉండాలి. దుప్పటి ముడతలు ఫోటోషాప్‌లో తీయడానికి పట్టే గంటలకి కూడా బిల్లు మీకే వస్తుంది.